మగ్గం గుంటలో దిగిన ఉస్తాదు

మా వాడలో ఇప్పుడు ఒక్కటే చేతిమగ్గం మిగిలింది. వీధి మొదట్లో మరమగ్గాల షెడ్డు ఉంది గానీ దాని మోత మోతే, అందులో వినడానికేం లేదు. ఈ చేతిమగ్గం మా ఇంటి వెనక గోడకు అవతల ఉంది. పొద్దున ఆరింటికి మొదలవుతుంది. కాలి చెక్క దిగిన చప్పుడు, పేక పోగును అటూ ఇటూ మోసే నాడె పరుగెత్తిన చప్పుడు, అచ్చు కొట్టిన చప్పుడు. నేనప్పటికి మంచం మీదే ఉంటాను. మెలకువ పూర్తిగా రాకముందే బొంత కింద నా కాళ్లు కదలడం మొదలుపెడతాయి. కుడి, ఎడమ, కుడి. మా ఆవిడ అది చూసి రోజూ ఒకటే మాట అంటుంది, "సిపాయి సాబు లేసిండు" అని. డెబ్బై దాటిన మనిషితో ఆ వేళాకోళం ఎందుకని నేను విసుక్కుంటాను గానీ, ఆమె మాటలో సగం నిజం ఉంది. ఆ కాళ్లలో సిపాయి ఉన్నాడు, నేతగాడూ ఉన్నాడు. ఆ ఇద్దరినీ కొట్లాడుకోకుండా ఒక ఒంట్లో కాపురం పెట్టించిన మనిషి ఇంకొకాయన. ఆయన గురించి రాయాలని చాలా ఏళ్లుగా అనుకుంటూ, రేపు రేపు అంటూ ఇంతదాకా తెచ్చాను.

ఆయన పేరు దస్తగీర్. వరంగల్ బయట ఫౌజు లైన్లలో కొత్తవాళ్లకు కవాతు నేర్పే హవల్దారు. మేం ఉస్తాదు అనేవాళ్లం. బక్కపలచటి మనిషి. బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం ఉండేది. కవాతు మైదానంలో గొంతు చించుకోని హవల్దారును నేను ఆయన్నొక్కణ్ణే చూశాను. తర్వాత నేనూ అదే పనిలో జీవితమంతా గడిపాను కనుక ఈ మాట తెలిసే చెబుతున్నాను. ఆయన ఆజ్ఞ ఇస్తే పక్కింటివాడు పేరు పెట్టి పిలిచినట్టుండేది. ఉర్దూ ఎంత శుభ్రంగా మాట్లాడేవాడో తెలుగూ అంత మా ఇళ్లలో మాట్లాడినట్టే మాట్లాడేవాడు. బజార్లో తిరిగి నేర్చుకున్నాడేమో అనుకునేవాళ్లం.

ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులవి. మా వాడకు నూలు రావడం ఆగిపోయింది. మగ్గాలన్నీ ఒకదాని వెనక ఒకటి పడుకున్నాయి, నేసేవాళ్లు కాళ్లు దించి కూచునే గుంటల్లో కోళ్లు కాపురం పెట్టాయి. మా బాపు తన మగ్గం మీద ఉన్న ఆఖరి పడుగును నెలల తరబడి సాగదీశాడు. రోజుకు జానెడు నేసి లేచేవాడు. అది అయిపోతే మర్నాడు పొద్దున ఏం చేయాలో ఆయనకు తెలియదు. అమ్మ మాత్రం ఉన్న నాలుగు కండెలనే విప్పి మళ్లీ చుడుతూ కూచునేది. చేతులు ఊరుకుంటే మనసు ఊరుకోదని ఆమె లెక్క.

సంస్థానపు ఫౌజులో అప్పటిదాకా మా నేతవాళ్లను తీసుకున్నది లేదు. ఫలానా ఫలానా వాళ్లే పోరాటానికి పుట్టారని ఎవరో ఎప్పుడో రాసిపెట్టారు. ఆ రాతలో పఠాన్లున్నారు, అరబ్బులున్నారు, సిక్కులున్నారు, హిందువుల్లో పట్టున్న రెండు మూడు కులాలున్నాయి. మేం లేము. ఊళ్లో చూస్తే మేమే ఎక్కువ, లైన్లలో చూస్తే మచ్చుకైనా లేము. యుద్ధంలో మనుషులు చాలకపోయేసరికి ఇతరులను కూడా తీసుకుని చూడమని పైనుంచి హుకుం వచ్చింది. మా వాడ నుంచి ఆరుగురం వెళ్లాం. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. నా ఛాతీ కొలిచిన డాక్టరు, టేపు తప్పేమోనని దాన్ని తిప్పి మళ్లీ కొలిచాడు. పేర్లు రాసుకునే మున్షీ కులం గడి దగ్గర ఆగి, తన జాబితా అంతా వెతికి, మా కులం దొరక్క "ఇతరులు" అని రాసుకున్నాడు.

హవల్దార్ల పై అధికారి జమాదారు మొదటి రోజే సంగతి తేల్చి చెప్పాడు. మూడు నెలలు నేర్పుతారు. ఆ తర్వాత కర్నల్ సాబు ముందు కవాతు చేయాలి. కుదిరితే ఉంటాం. కుదరకపోతే ఆరుగురం ఇంటికి పోతాం, మా తర్వాత మా కులంవాడు ఎవడొచ్చినా ఆ గేటు తెరుచుకోదు. వాడలో మా ఈడువాళ్లు ఇంకో ఇరవై మంది మా కబురు కోసం కాచుకుని ఉన్నారు. ఆ బరువు మా ఆరుగురి పాదాల మీద పడింది. సరిగ్గా పాదాల దగ్గరే మేం దెబ్బతిన్నాం.

ఏం జరిగేదంటే, నడవమనగానే అందరి కాళ్లూ లేచి పడేవి, మా కాళ్లు పడి ఆగేవి. ఒక్క క్షణమే, రెప్పపాటు. కానీ వరసలో నడిచేటప్పుడు ఆ రెప్పపాటు చాలు, వెనకవాడు వచ్చి వీపుకు గుద్దుకునేవాడు. పైగా మడమ దిగేది కాదు, ముందు వేళ్లు దిగేవి. బూట్లలో వేళ్లతో నడిచే సిపాయిని ఎవరైనా చూశారా? విచిత్రం ఏమిటంటే ఆరుగురం ఒకే చోట, ఒకేసారి ఆగేవాళ్లం. ముందే మాట్లాడుకుని చేసినా అంత కలిసి రాదు. మిగతా సిపాయిలకు రోజూ తమాషా. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. జమాదారు మమ్మల్ని "గుంటలో పుట్టినవాళ్లు" అనేవాడు. తుపాకి నెత్తి మీద ఎత్తించి మైదానం చుట్టూ పరుగెత్తించేవాడు. ఎంత పరుగెత్తించినా, మళ్లీ నడిపిస్తే కాళ్లు మళ్లీ అక్కడే ఆగేవి. ఎందుకాగుతున్నాయో మాకే తెలియదు. మా ఆరుగురిలో ఐలయ్య అయితే తన కాళ్లకు ఎవరో చేతబడి చేశారని నిజంగానే నమ్మాడు.

నెల గడిచింది. ఒకరోజు అందరినీ వదిలేశాక ఉస్తాదు నన్నొక్కణ్ణి ఉండమన్నాడు. మైదానం ఆ చివరి నుంచి ఈ చివరికి నాలుగుసార్లు నడిపించాడు. తను గొంతుక్కూచుని నా కాళ్లనే చూశాడు, ముఖం వైపు చూడలేదు. కాలు ఎందుకు ఆపుతున్నావని అడిగాడు. తెలియదన్నాను. ఏడుపు వచ్చింది, దాచుకోలేదు.

"నువ్వు ఆపుతలేవు బిడ్డా. నీ కాలు ఆపుతాంది. రెండు వేరు," అన్నాడు. కాసేపు లవంగం నములుతూ ఉండి, "మీ ఇల్లేడ? శుక్రారం నన్ను తీస్కపో," అన్నాడు.

శుక్రవారం మాకు సెలవు. ఉర్దీ వేసుకున్న తురక హవల్దారు నా వెనకాల మా సందులోకి వస్తుంటే తలుపులు కొన్ని మూసుకున్నాయి, కొన్ని తెరుచుకున్నాయి. నేనేదో నేరం చేశానని అమ్మ ముఖం వెలవెలబోయింది. ఉస్తాదు దాహం అడిగాడు. అమ్మ చెంబు పట్టుకుని గడపలో ఆగిపోయింది. ఇవ్వాలా, ఇస్తే ఆ చెంబు తర్వాత ఏం చేయాలి, ఇదంతా ఆమె ముఖంలో కనబడుతూనే ఉంది. నాకు సిగ్గుతో ప్రాణం పోయింది. ఆయన మాత్రం ఏమీ పట్టనట్టు బూట్లు విప్పి, వాకిట్లో వంగి, రెండు చేతులూ దోసిలి పట్టాడు. అమ్మ పైనుంచి పోసింది. ఎదుటివాళ్లను ఇబ్బంది నుంచి తప్పించడం కూడా ఒక విద్యేనని నాకు ఆ రోజు తెలిసింది.

తర్వాత ఆయన బాపును, మగ్గంలో కూచోవచ్చా అని అడిగాడు. బాపు నా వైపు చూశాడు, మగ్గం వైపు చూశాడు, తలూపాడు. ఆ మనసు ఎంత విలవిల్లాడి ఉంటుందో నాకు తెలుసు, అది ఆఖరి పడుగు. ఉస్తాదు గుంటలో దిగి, కాళ్లు చెక్కల మీద పెట్టాడు. చెక్క తొక్కి తాడు లాగాడు. నాడె ఇంకా సగం దారిలో ఉండగానే రెండో కాలు వేశాడు. పోగులు మూసుకుని నాడె ఇరుక్కుంది, టపటపమని కొన్ని పోగులు తెగాయి. బాపు ప్రాణం చివుక్కుమంది. పెద్దవాళ్లనీ ఉర్దీవాళ్లనీ మరిచిపోయి, నన్ను చిన్నప్పుడు కసిరినట్టే కసిరాడు.

"గంత తొందరేంది సాబ్? నాడె అటు దాటేదాక కాలు తియ్యొద్దు. కాలు తీస్తె పోగు తెగ్తది."

ఉస్తాదు చేతులు మగ్గం మీద అలాగే ఆగిపోయాయి. ఆ మాట మళ్లీ అనమన్నాడు. బాపు భయపడుతూ మళ్లీ అన్నాడు. ఈ పిల్లగాడికి ఆ మాట ఎన్నో ఏట నుంచి చెప్పావని అడిగాడు. ఏడో ఏట నుంచి, అన్నాడు బాపు. కాలు ముందే తీస్తే పిక్క మీద బెత్తంతో కొట్టేవాణ్ణని కూడా చెప్పాడు. ఉస్తాదు నా వైపు తిరిగి నవ్వాడు. పోయిన వస్తువు దొరికినవాడి నవ్వు అది. నా కాళ్లు మొద్దుకాళ్లు కావనీ, అవి పన్నెండేళ్లుగా ఒక ఆజ్ఞ పాటిస్తున్నాయనీ నాకప్పుడే తెలిసింది. ఆ నెలరోజుల అవమానమంతా ఒక్కసారిగా దిగిపోయింది. ఇప్పటికీ ఆ క్షణం తలచుకుంటే ఆయనకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఉస్తాదు గుంటలోంచి లేచి అరుగు మీద కూచుని బాపుతో మాట్లాడుతున్నాడు. పక్కన బుట్టలో అమ్మ దీపాల వత్తులకు ఉంచుకున్న దూది ఉంది. మాటల్లో పడి ఆయన చేయి దానిలోకి పోయింది. రెండు వేళ్లతో గింజ నలుసు తీసి, దూదిని విడదీసి, తొడ మీద అరచేత్తో ఒక్క దొర్లింపులో సన్నటి ఏకు చేశాడు. ఆయన చూడను కూడా చూడలేదు, చేయి దాని పని అది చేసుకుపోయింది. అమ్మ చూసింది. మెల్లగా అడిగింది.

"సాబ్, మీ ఇంట్ల దూది ఏకుతరా?"

ఉస్తాదు చేతిలో ఏకును చూసుకున్నాడు. దాన్ని బుట్ట అంచున పెట్టాడు. తర్వాత చెప్పాడు. వాళ్లది వర్ధన్నపేట. తండ్రి దూదేకుల సాయిబు. భుజాన ఏకే విల్లు వేసుకుని ఊరూరా తిరిగి పరుపులు, బొంతలు నింపేవాడు. ఇంట్లో మాట్లాడింది తెలుగే. అందుకే అటు తురకవాళ్లు మీరు మాలో సగమే అనేవాళ్లు, ఇటు హిందువులు మీరు మాకేం కారు అనేవాళ్లు. ఫౌజులో చేరేటప్పుడు ఆ వృత్తి పేరు చెబితే తీసుకోరని ఎవరో చెబితే, షేక్ అని రాయించి ఊరుకున్నాడు. పద్దెనిమిదేళ్లు అయింది, లైన్లలో ఒక్కడికీ తెలియదు. "ఇప్పుడు మీకు ఎర్కైంది. మీ దగ్గర్నే ఉంచుర్రి," అన్నాడు. అమ్మ లోపలికి పోయి మళ్లీ నీళ్లు తెచ్చింది. ఈసారి లోటాలో పోసి చేతికిచ్చింది.

మర్నాటి నుంచి మా ఆరుగురినీ గంట ముందే మైదానానికి పిలిచేవాడు. మొదట బూట్లు లేకుండా నడిపించాడు. పక్కనే నడుస్తూ, మా కాలు ఆగే చోటు ఎక్కడో ఆయనకు తెలుసు కనుక సరిగ్గా అక్కడ చెవిలో అనేవాడు, "ఈడ పోగు లేదు. తెగది. కాలు తియ్." తిట్టు లేదు, శిక్ష లేదు, ఆ ఒక్క మాటే. కొన్ని రోజులకు ఆ మాట మా కాళ్లకు ఎక్కింది. కాలు ఆగబోతుంటే లోపల ఆయన గొంతు వినిపించేది, కాలు లేచేది. ఒక్క ఐలయ్యకు మాత్రం పదడుగులకోసారి తప్పేది.

ఆ తర్వాత ధీరే చల్ నేర్పడం మొదలుపెట్టాడు. నెమ్మది నడక అది. కాలు ముందుకు చాచి, వేళ్లు నేల వైపు వంచి, గాలిలో ఆపి, ముందు వేళ్లే దిగేలా దించాలి. ఒళ్లంతా ఒంటికాలి మీద నిలవాలి. ఎంత పాత సిపాయిలైనా అక్కడ కల్లు తాగినవాళ్లలా ఊగేవాళ్లు. మేం ఆరుగురం ఊగలేదు. చిన్నప్పటి నుంచి ఒక కాలు ఆపి, రెండో కాలిని వేళ్లతో తొక్కినవాళ్లం, ఎందుకు ఊగుతాం? ఉస్తాదు నిలబడి చూశాడు, చూసి ఒక్కడే నవ్వుకున్నాడు. "మీ బాపులు సగం కవాతు నేర్పి పంపిండ్రు. మిగిలిన సగమే నా పని," అన్నాడు.

కర్నల్ సాబు వచ్చిన రోజున జమాదారు మమ్మల్ని విడిగా ఆఖరి వరసలో నిలబెట్టాడు, తప్పు దూరం నుంచి కూడా కనిపించాలని. మొదట తేజ్ చల్, అంటే వేగపు నడక, అన్నారు. నడిచాం. మైదానం సగం దాటాక ఐలయ్య కాలు ఆగింది. వాడి భుజం నా భుజానికి తగిలింది. జమాదారు కర్నల్ సాబు వైపు చూసి చిన్నగా తలాడించాడు. నాకు కళ్ల ముందు మా వాడ గుంటలూ వాటిలో కోళ్లూ కనిపించాయి. అంతలో ధీరే చల్ అని ఆజ్ఞ వచ్చింది. మా ముందు వరసలు ఊగాయి, తూలాయి. మేం ఆరుగురం గాలిలో కాలు ఆపి, దించి, ఆపి, దించి, చివరిదాకా ఒక్క మనిషిలా వచ్చాం.

కర్నల్ సాబు మా ముందుకొచ్చి, వీళ్లెవరని అడిగాడు. జమాదారు అందుకున్నాడు. వీళ్లు నేతగాళ్లనీ, కోతికి నేర్పినట్టు ఒక ఆట నేర్పితే ఆడారనీ, మొదటి నడకలో అసలు సంగతి బయటపడిందనీ, వీళ్ల నెత్తుటిలోనే సిపాయితనం లేదనీ అన్నాడు. కర్నల్ సాబు ఉస్తాదు వైపు తిరిగి, నేర్పినవాడివి నువ్వు, నువ్వేమంటావని అడిగాడు. రెండు వందల మంది వింటున్నారు. ఉస్తాదు ఒక అడుగు ముందుకు వేశాడు. ఆయన ఉర్దూలో అన్నది మా భాషలో చెప్పాలంటే ఇది.

"సాబ్, నేను దూదేకులాయన కొడుకును. రిజిస్టర్ల రాయించలేదు. పద్దెన్మిదేండ్లు మీ నౌకరీ చేసిన. నేను సిపాయినైతే వీళ్లు గూడ సిపాయిలే. నేను కాదంటె, నన్ను గూడ వీళ్లతోనే పంపుర్రి."

నేను ముందుకే చూస్తూ నిలబడాలి, తల తిప్పకూడదు. అయినా ఆయన కాళ్లు నాకు కనిపిస్తున్నాయి, మడమలు కలిపి కవాతులో నిలిచినట్టే నిలిచాయి. కర్నల్ సాబు మమ్మల్ని ఉంచమని చెప్పి ముందుకు వెళ్లిపోయాడు. ఐలయ్యకు ఇంకో నెల గడువిచ్చారు, ఆ నెలలో వాడూ కుదురుకున్నాడు. ఆ ఏడాదే మా వాడ నుంచి మరో పద్నాలుగు మంది వచ్చి చేరారు. కబురు విని బాపు, "నవ్విన నాపచేనే పండుతది," అన్నాడు. ఆయన నన్ను మెచ్చుకున్నట్టు నాకు గుర్తున్నది ఆ ఒక్కసారే.

దానికి ఉస్తాదు ఏం చెల్లించుకున్నాడో మాకు వెంటనే తెలియలేదు. తర్వాత జమాదారు కావలసింది ఆయనే, ఆయనకంటే చిన్నవాడిని చేశారు. అంతకంటే కష్టమైనది ఇంకొకటి ఉంది. లైన్లలో తురకవాళ్లు నలుగురైదుగురు ఒకే పళ్లెం చుట్టూ కూచుని తినేవాళ్లు. ఆయన పళ్లెం దగ్గరికి వచ్చే మనుషులు తగ్గి తగ్గి, ఒకరోజు ఆయన వంటశాల గోడ పక్కన ఒక్కడే తింటూ కనిపించాడు. మా లంగరు వేరు, మా వంటవాడు వేరు. నేను నా పళ్లెం తీసుకుని వెళ్లి ఆయన పక్కన కూచున్నాను. మీ లంగరులో చోటు లేదా అని అడిగాడు. ఉంది గానీ ఇక్కడ నీడ బాగుందన్నాను. నడినెత్తిన ఎండ, ఆ గోడకు నీడే లేదు. ఆయన కొంచెం జరిగి చోటిచ్చాడు. మర్నాడు మిగతా ఐదుగురూ వచ్చారు. ఆయన కూడు ఆయన తిన్నాడు, మా కూడు మేం తిన్నాం, గోడ మాత్రం అందరిదీ.

అప్పుడే అడిగాను, మా కోసం మీ సంగతి ఎందుకు బయటపెట్టుకున్నారని. ఆయన ముద్ద కలుపుతూ అన్నాడు.

"మీ కోసమే గాదు. ఈడ పోగు లేదు, తెగదని మీకు రోజూ చెప్పిన. నేను మాత్రం పద్దెన్మిదేండ్లు కాలు ఎత్తకుంట నిలబడ్డ. నాకే నవ్వొచ్చింది."

కొన్నేళ్లకు సంస్థానం దేశంలో కలిసింది. ఫౌజును ఎత్తేశారు. పేరును బట్టి మనిషిని కొలిచే గాలి మళ్లీ వీచింది, ఈసారి ఎదుటి దిక్కు నుంచి, తురక పేర్ల మీదికి. కొత్త సర్కారు పోలీసుల్లోకి మనుషులను తీసుకుంటుంటే నాకు పిలుపు వచ్చింది, ఆయనకు రాలేదు. ఆయన నిలబెట్టిన కాళ్లతో ఆయన్ను దాటి పోవడం ఎలా అనిపించింది. వర్ధన్నపేటలో ఆయన మళ్లీ తండ్రి విల్లు పట్టాడని విని బయలుదేరుతుంటే, అమ్మ పెట్టె అడుగు నుంచి ఒక బట్ట తీసి ఇచ్చి, బొంత కుట్టించుకు రమ్మంది.

ఆయన ఇంటి పంచలో, ఒళ్లంతా దూది రేణువులతో, విల్లు మీటుతున్నాడు. బుగ్గన లవంగం ఉంది. బట్ట విప్పి చూశాడు. ఒకచోట, నాలుగు వేళ్ల వెడల్పున, పోగులు తెగి పలచబడి ఉంది. ఆయన దాన్ని బొటనవేలితో తడిమి, మీ బాపు దీన్ని అమ్మలేదా అని అడిగాడు. అది సాబు నేసింది, అమ్మేది కాదని బాపు అన్నాడని చెప్పాను. ఆయన నవ్వబోయాడు, కళ్లు నీళ్లతో నిండాయి. రెండూ దాచుకోలేదు. కొలువు సంగతి చెప్పి, వెళ్లాలని లేదన్నాను. ఆయన విల్లు పక్కన పెట్టాడు.

"నువ్వు పోతె నాకేం తెగది. పో. ఆడ మల్ల ఎవడన్న కాలు ఆపుతాండు అనుకో, జర వాని ఇల్లు చూసి రా."

వెళ్లాను. ఆ తర్వాత ఉద్యోగమంతా నేనూ కొత్తవాళ్లకు కవాతే నేర్పాను. గొర్రెలు కాసిన పిల్లలు వచ్చారు, చేపలు పట్టినవాళ్లు వచ్చారు, కేసముద్రం దిక్కు తండాల నుంచి లంబాడీ పిల్లలు వచ్చారు. అడుగు కుదరనివాడు కనిపిస్తే తిట్టడానికి ముందు వాడి ఇల్లెక్కడో అడిగేవాణ్ణి. చాలా ఇళ్లకు వెళ్లాను. వట్టి చేతులతో ఎక్కడి నుంచీ తిరిగి రాలేదు. ప్రతి ఇంట్లోనూ వాడి కాలికి అంతకుముందే ఎవరో ఏదో నేర్పి ఉన్నారు.

ఉస్తాదు పోయి చాలా కాలమైంది. ఆయన నింపిన బొంత ఇప్పటికీ నా మంచం మీదే ఉంది. దూది గడ్డకట్టింది, మళ్లీ ఏకించాలంటే ఆ విల్లువాళ్లు ఇప్పుడు దొరకడం లేదు. కొత్త దుప్పటి కొంటానని కోడలు పోరుతుంది, నేను వినను. పొద్దున గోడ అవతల మగ్గం మొదలవగానే నా కాళ్లు దాని కింద కదులుతాయి. కదిలి కదిలి, బొటనవేలు వెళ్లి ఆ తెగిన పోగుల దగ్గర ఆగుతుంది. అక్కడ మాత్రం, ఉస్తాదు ఎంత చెప్పినా సరే, కాలు తియ్యబుద్ధి కాదు.